మూడు నొక్కులు

మధ్యాహ్నం సాల్ రేయ్ రేవులో
చేపల ధర రాసుకుంటూ
ఎండకి తెర కనబడక
వెలుగుని చివరంటా తోసినవాణ్ణి నేనే.
రాత్రికి ఆ సంగతి మరిచిపోయినవాణ్ణీ నేనే.

బోవా విష్టా దీవిలో తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలలు.
జుల్మిరా ముందు, నేను వెనక.
చంద్రుడు లేడు.
ఇసుక మీద ట్రాక్టరు పోయినట్టు ఒక జాడ.
జాడ చివర ఆమె,
డిప్ప అంచున పాత నొక్కు ఒకటి,
వెనక రెక్కతో గుంత తోడుతోంది,
గరిటెతో పిండి తీసినంత ఒద్దికగా.

గంట, గాలి, గూడు సంఖ్య. రాయాలి కదా.
జేబులోంచి ఫోన్ తీశాను.

పగలు పగిలి చేతిలో పడింది.
నా ముఖం, జుల్మిరా మోకాళ్ళు, ఆ తడి డిప్ప
దొంగల్లా దొరికిపోయాం.

ఇక వేళ్ళ తొక్కిసలాట.
సెట్టింగ్స్‌లోకి వెళ్ళి
డిస్‌ప్లే ఎక్కడుందో వెతికి
గీత పట్టుకుంటే
ఉప్పు తడికి బొటనవేలు జారి
తగ్గాల్సింది తగ్గక,
పదకొండు సెకన్లు.
జుల్మిరా లెక్కపెట్టిందట.

తాబేలు తవ్వడం ఆపింది.
మెడ తిప్పింది.
సగం గుంత వదిలేసి
కడుపు నిండా గుడ్లతో
వచ్చిన దారినే నీళ్ళలోకి.

గుడిసె దగ్గర జుల్మిరా కాఫీ పోసింది,
మాట మాత్రం పోయలేదు.
చాలాసేపటికి ఫోన్ లాక్కుంది.
"చూడు అదెరిటో,
పై అంచు నుంచి వేలు కిందికి లాగు.
గీత అక్కడే ఉంటుంది, ఊరంతా వెతకక్కర్లేదు.
అదీ ఆలస్యమే అనుకో."
లోపలెక్కడో ఏదో ముడి వేసింది.
"పక్క మీట. మూడుసార్లు."
టక్, టక్, టక్.
తెర కుంపట్లో ఆఖరి నిప్పులా
ఎర్రగా కుంగింది.

దానంతటదే తగ్గేది ఉందిగా, అన్నాను.
"ఉంది. చీకటి పడిందని
దానికి తెలిసేసరికి తెల్లారుతుంది.
నీలాంటిదే."

మూడు రోజులు సాధన.
వ్యానులో, ఉల్లిపాయల వరుసలో,
పెద్దమ్మ సంవత్సరీకపు పూజలో,
జేబులో చెయ్యి, చూడకుండా,
మూడు నొక్కులు.
నాన్న జపమాల తిప్పుతున్నాడని
మావాడు వెనక బెంచీలో కిసుక్కున నవ్వాడు.
కాదని చెప్పలేదు.

నాలుగో రాత్రి అదే ఒడ్డు.
మళ్ళీ ఒక జాడ, మళ్ళీ ఒక గుంత.
జేబులోనే మూడు నొక్కి
అప్పుడు బయటికి తీశాను.
నా వేళ్ళు నాకే సరిగా కనబడలేదు.
గుడ్లు పడుతున్న చప్పుడు,
తడి చేతుల చప్పట్ల లాంటిది.

గంట రాశాను. గాలి రాశాను. గూడు రెండువందల పన్నెండు.
ఇంతకు ముందు వచ్చినదేనా, అని ఒక గడి.

డిప్ప అంచున నొక్కు ఉందో లేదో
చూడాలంటే వెలుగు పెంచాలి.

గడి ఖాళీగా వదిలేశాను.