మూడు మిల్లీమీటర్ల వదులు

వ్ర్షిచ్ కనుమకి యాభై మలుపులు.
ఒక్కోదానికి ఒక్కో నంబరు పలక.
అవతలివైపు వంపుల్లో రాళ్ళు పరిచారు,
తడిస్తే సబ్బుబిళ్ళలే.

ప్రతి వంపులోనూ అదే వరస:
అమ్మ థ్రాటిల్ మూస్తుంది, బండి వాలుతుంది,
మళ్ళీ వెంట్రుకవాసి తెరవగానే
ముందు ఏమీ లేదు,
ఆ తర్వాత అంతా ఒక్కసారే.
వెనక సీట్లోంచి నా హెల్మెట్ వెళ్ళి
ఆవిడ హెల్మెట్‌కి టక్.
యాభై మలుపులు, యాభై టక్కులు.
దిగాక, మెడ ఎలా ఉందని అడగదు.
"లెక్క తప్పలేదుగా?" అంటుంది.

అరవై ఒకటో ఏట ఎర్ర రేసుబండి కొన్న
బోవెట్స్ పోస్టుమాస్టరమ్మ.
నూట ఎనభైలో వెన్నలా జారిపోయే బండి
ఇరవైలో మాత్రం
నిద్రలోంచి లేపిన పిల్లాడు.

తదేయ్ షెడ్డులో పాత నూనె వాసన, ఆవిడ దగ్గరే కొన్న
నిరుడు సంవత్సరపు క్యాలెండరు.
పిడిని రెండు వేళ్ళతో అటూ ఇటూ ఆడించి
కేబుల్లో వదులు కొలిచాడు. మూడు మిల్లీమీటర్లు.
"మీ టక్కులో సగం ఇక్కడే ఉంది."
మిగతా సగం కోసం ట్యాంకు ఎత్తి
నాలుగు గొట్టాలకి నాలుగు గేజీలు తగిలించాడు.
నాలుగు ముళ్ళూ నాలుగు మాటలు చెబుతున్నాయి.
స్క్రూ పావు చుట్టు తిప్పు, విను.
పావులో పావు, విను.
మధ్యాహ్నానికి వాటికి రాజీ కుదిరింది.
గొలుసు సరిచేశాడు, ముందు పళ్ళచక్రం
ఒక పన్ను తక్కువది వేశాడు,
చివర్న అమ్మ మణికట్టు పట్టుకుని చూశాడు:
"ఇది మాత్రం నేను బిగించలేను, వదులు చెయ్యలేను.
థ్రాటిల్ ఇస్తున్నారా మేడమ్,
తపాలా ముద్ర కొడుతున్నారా?"

అమ్మ వారం రోజులు అతనితో మాట్లాడలేదు.
డబ్బు మాత్రం కవర్లో పెట్టి పంపింది.

ఆదివారం, ముప్పై తొమ్మిదో మలుపులో గొర్రెలు.
రోడ్డు నిండా ఉన్ని, గంటల మోత,
వెనకాల మేము, ఫస్టు గేర్లో,
కాలు కింద పెట్టకుండా,
కాపరి కుక్క కంటే నెమ్మదిగా.
ఇంజను గొణుక్కుంటోంది, ఎవరినీ తిట్టడం లేదు.
ముప్పై ఎనిమిది. ముప్పై ఏడు.
గొర్రెలు పక్కకి దిగిపోయాయి.
ముప్పై ఆరు.

క్లచ్‌తో పనిలేని ఎడంచెయ్యి
ఉన్నట్టుండి వెనక్కి వచ్చి
నా మోకాలు తడిమింది.
"ఉన్నావా?"

అరిస్తే వినపడేదే.
ముందుకి వంగి
హెల్మెట్‌తో ఒక్కటి కొట్టాను.