ఆర్ పక్కన ఖాళీ

ఎల్గోయిబార్‌లో ఆ వారమంతా వాన.
వాన అని కూడా అనలేం, గాలికే చెమ్మ పట్టినట్టుండేది.
మేడ మీద డ్రాయింగు గదిలో
ట్రేసింగ్ కాగితం ఉబ్బి
నా గీతల్ని వెంట్రుకవాసి జరిపేది.

నేను గీసింది ఒక మోటారు పీట.
నాలుగు మూలలా నాలుగు గాడులు,
కొసలు గుండ్రంగా, క్యాప్సూల్ మాత్రల్లా.
కొత్తగా చేరినదాన్ని.
అంకె లేని చోట అనుమానం మొలుస్తుందని
పాలిటెక్నిక్‌లో మాస్టారు బల్ల గుద్ది చెప్పేవాడు.
అందుకని
వెడల్పు పదకొండు అన్నాను.
కేంద్రం నుంచి కేంద్రానికి నలభై అన్నాను.
ఈ కొస నుంచి ఆ కొసకి యాభై ఒకటి అన్నాను.
అదీ చాలక, ఆర్ అని రాసి పక్కన అయిదున్నర పెట్టాను.
అన్నీ నిజాలే.
ఒకే మాట నాలుగు నోళ్ళతో చెప్పించాను.

గురువారం సెబెరో మెట్లెక్కి వచ్చాడు.
మిల్లింగ్ మిషను మనిషి,
ముప్ఫయ్యేళ్ళలో మేడ మీదికి రానివాడు.
పలక తెచ్చి నా కాగితం మీదే పెట్టాడు,
నూనె మరక పాకింది.
"కొలువమ్మాయ్."

వెడల్పు పదకొండు పాయింటు ఒకటి రెండు. నేనిచ్చిన హద్దులోనే.
కేంద్రాల మధ్య నలభై పాయింటు సున్నా అయిదు. హద్దులోనే.
కొస నుంచి కొసకి
యాభై ఒకటి పాయింటు ఒకటి ఏడు.
దాటింది. నూలుపోగంత.

"పద్దెనిమిది పలకలు తుక్కులో వేశారు.
నీ రెండు మాటలు నిలబెట్టాను.
వాటితో పడని మూడోదాన్ని ఎలా నిలబెట్టను?
ఆ గుండ్రం నేను చేసేది కాదు,
కట్టరు ఆగిన చోటు, అంతే."
అరవలేదు. అరిస్తే బావుండేది.
నా స్టూలు మీద కూర్చుని అడిగాడు:
"ఇంతకీ ఈ గాడిలో ఏం నడుస్తుంది?"

నాకు తెలియదు.

శనివారం అతని వ్యానులో అస్తిగరాగా వెళ్ళాం.
ఆపిల్ కల్లు సీసాలకెత్తే షెడ్డు,
గుమ్మంలోనే పులిసిన వాసన.
యజమానురాలు మిరెంచు
బెల్టుని బొటనవేలితో నొక్కి చూపించింది.
"సీజను మధ్యకొచ్చేసరికి సాగుతుంది."
బోల్టులు వదులు చేసి, మోటారుని భుజంతో తోసి,
మళ్ళీ బిగించి, చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది.
ఎక్కడ ఆగిందో చూడనైనా లేదు.
బెల్టు మోత విని తలూపింది.

రంధ్రం ఒక చోటు చెబుతుంది, కదలొద్దంటుంది.
గాడి కదలమంటుంది,
పక్కకి మాత్రం ఊగనివ్వదు.
ఇది నేను వ్యానులో అనుకున్నాను, పైకి అనలేదు.
సెబెరో ఇచ్చిన కల్లు సీసా ఒళ్ళో పెట్టుకుని
దారంతా వైపర్లు చూస్తూ కూర్చున్నాను.

సోమవారం బ్లేడుతో గీకాను.
యాభై ఒకటి పోయింది. అయిదున్నర పోయింది.
సిరా పోయాక కాగితానికి గరుకు మిగిలింది.
వెడల్పు హద్దు ముట్టుకోలేదు.
నలభై పక్కన
అటొక మిల్లీమీటరు, ఇటొక మిల్లీమీటరు
అని వేయబోతుంటే చేయి ఆగింది,
బద్ధకమనుకుంటారేమోనని.
వేశాను.

మధ్యాహ్నం తనిఖీ గది నుంచి ఎనెరిత్స్ ఫోను.
"గుండ్రం దగ్గర ఆర్ రాసి, అంకె మరిచిపోయావు."
మరిచిపోలేదన్నాను.
"మరి ఎంత?"
వెడల్పు ఎంత వస్తే అందులో సగం.
అవతల కాసేపు ఏమీ లేదు.
కింద సెబెరో కట్టరు
కొత్త పలకలోకి దిగుతున్న చప్పుడు తప్ప.