రెండో ఉత్తరం

ఎన్నికలకు మూడు రోజుల ముందే
రాయబారి బిరాం దియాఖతే నాచేత
రెండు ఉత్తరాలు తర్జుమా చేయించారు
ఫ్రెంచి నుంచి పోర్చుగీసులోకి.
రెండూ అభినందనలే.
ఎనిమిదేళ్ళుగా కుర్చీలో ఉన్నాయనకొకటి,
ఎదురు నిలిచిన ఆమెకొకటి.
ఒకే సొరుగులో, ఒకే అట్ట కింద,
ఏ పెళ్ళి ఖాయమవుతుందో తెలియక
ముందే అచ్చేయించిన శుభలేఖల్లా.

ప్రాయా పట్నం నిండా ఆ వారమంతా ఎడారి దుమ్ము.
సముద్రం దాటొచ్చి
కిటికీ రెక్కల మీద, ఆరేసిన దుప్పట్ల మీద,
ఇద్దరి పోస్టర్ల మీదా
పక్షపాతం లేకుండా పడింది.
"మా సెనెగల్ వైపు నుంచి వచ్చిందే.
వీసా అడిగారా ఎవరైనా?"
నవ్వారు రాయబారి.

నేనీ దీవుల మనిషిని, జుల్మిరాని.
జీతం పొరుగుదేశానిది,
ఓటు నాది.
ఎవరికేశానో ఆఫీసులో ఎవరూ అడగలేదు.
అడగకపోవడమే మా కొలువులో మర్యాద.

ఆదివారం రాత్రి లెక్కింపు సాగుతుంటే
ఆయన కోటు విప్పలేదు.
గిన్నెలో కచూపా చల్లారి తెట్టె కట్టింది.
ఇంకో దేశంలో పనిచేసినప్పుడు
ఇలాంటి రాత్రే రేడియోలో వార్తలు ఆగిపోయి
కవాతు బాజా మొదలైందట.
తెల్లారేసరికి ఉత్తరం ఎవరి పేర రాయాలో
చెప్పగలిగినవాడు లేడట.
"పన్నెండు రోజులు ఎవరికీ ఏమీ రాయలేదు జుల్మిరా.
మౌనం కూడా ఒక దస్తూరీయే.
దాన్ని చదవడం అందరికీ వచ్చు."

నేను రేడియో గొంతు పెంచాను.
బాజా వస్తుందేమోనని ఇద్దరం చెవులు రిక్కించాం.
సాంతు ఆంతాన్ దీవి ఓట్లు చదువుతూ చదువుతూ
అనౌన్సరమ్మ
ఆవలించింది.

అంత పెద్ద ఆవులింత
దేశమంతా వినబడేలా!

అప్పుడు విప్పారాయన కోటు.

పదకొండున్నరకి ఓడినాయన మైకు ముందుకొచ్చి
"ఆమెకు ఫోన్ చేశాను" అన్నాడు.
గొంతు కొంచెం జీరపోయింది.
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు,
దుమ్మే అయ్యుంటుంది.

"ఆమెది పంపు. ఆయనది చించెయ్."

పంపాను.
చించబోతూ చదివాను.
'మీ ప్రజలు మీమీద ఉంచిన నమ్మకం...'
'మన రెండు తీరాలనూ కలిపే నీళ్ళు...'
చేపల ఒప్పందం, పడవల రాకపోకలు
ఎక్కడివక్కడే ఉన్నాయి.
తేడా అల్లా ఒక పేరూ,
మాటల చివర ఆడా మగా చెప్పే అచ్చులూ.

మరి దిగిపోయే మనిషికి ఏం రాస్తాం?

నమూనాల ఫైలు తిరగేశాను.
ప్రమాణ స్వీకారానికి, పుట్టినరోజుకి,
వరదకి, భూకంపానికి, చావుకి
తయారుగా వాక్యాలున్నాయి.
మెట్లు దిగేవాడికి
ఒక్కటీ లేదు.

బుధవారం ఆయన్ని సంతలో చూశాను.
వెంట ఎవరూ లేరు.
పెద్ద నోటిచ్చాడని బొప్పాయిల బేరగత్తె కసిరింది:
"పొద్దున్నే చిల్లర ఎక్కణ్ణుంచి తేను,
ఖజానా అనుకున్నావా?"
ఆయన జేబులన్నీ తడుముకున్నాడు.
పక్క దుకాణంవాడు నవ్వి నాణేలు సర్దాడు.

ఆఫీసుకొచ్చి
ఆ చించని ఉత్తరం వెనక రాశాను,
ఫ్రెంచిలో కాదు, పోర్చుగీసులో కాదు,
మా అమ్మ నన్ను తిట్టిన క్రియోలులో:
'అయ్యా, ఆ రాత్రి మీరు ఫోన్ చేశారు.
మేం నిద్రపోయాం.'

రాయబారికి చదివి అర్థం చెప్పాను.
చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.
"ఇది మా ప్రభుత్వం మాటేనా?" అన్నారు.
"తెలీదండీ."
సంతకం పెట్టారు.
ముద్ర మాత్రం వేయలేదు.

డ్రైవరు తోయ్ చేత్తో పట్టుకెళ్ళాడు.
రసీదేదంటే
రెండు బొప్పాయిలు బల్లమీద పెట్టాడు,
ఒకటి కాస్త కచ్చాది.

బట్వాడా రిజిస్టరు తెరిచాను.
తేదీ రాశాను, చిరునామా రాశాను.
'విషయం' అన్న గడి దగ్గర
కలం ఆగిపోయింది.
ఇప్పటికీ ఆ గడి ఖాళీయే.