ఎర్తింగ్

నా చెక్క మాండలిన్ ఆగస్టుల పగిలింది.
ఇనుప మంచం పై అరల, ఏసీ గాలికి ఎదురుంగ
పండబెట్టిన పాపం నాదే.
బయట నలభై ఆరు, లోపల పద్దెనిమిది,
ఏ కట్టె ఓర్సుకుంటది?
తీగలు మోసే గుర్రం కాడ మొదలై
అడుగు దాకా వెంట్రుకంత గీత.

వాదీ కబీర్ శుక్రవారం సంత.
పాత టైర్లు, ఎవరివో గోడ గడియారాలు,
వాటి నడుమ ఇది, ఎర్రగ,
చపాతీ పీట అంత మందం,
ఐదే తీగలు.
హోటల్ బ్యాండుల వాయించే గోవా మనిషి, ఇనాషియో,
వచ్చే నెల దేశం పోతున్నడట.
ఇరవై రెండు రియాళ్ళన్నడు, పద్దెనిమిదికి దిగిండు.
చేతికి ఇయ్యబోయి, మల్లా వెనక్కి తీసుకొని
ఒక్కసారి వాయించి ఇచ్చిండు.

కడుపు లేదు దానికి.
తట్టి చూస్తే తలుపు చప్పుడు.
కోరుట్లల సన్నాయి నర్సిములు మామ అనేటోడు:
"సప్పుడు కడుపుల పుట్టాలె బిడ్డా,
నోట్ల పుడితే అది కూత."
ఆయన డోలు, మా భజన మండలి తంబుర,
పదేండ్లు నేను గోకిన చెక్కది,
అన్నీ లోపల ఖాళీ ఉన్నయే.
ఆ ఖాళీనే మోగేది.
ఇది నిండుగున్నది. మూగది.

నా పని కరెంటు.
రూవీ నుంచి బర్కా దాకా ఎన్ని గోడలు కోసిన్నో,
ఎన్ని వైర్లు గుంజిన్నో.
జేబుల టెస్టర్ లేకుంటే చొక్కా తొడిగినట్టుండదు.
పదకొండేండ్లు కరెంటుకు భయపడుడే నా కొలువు,
ఇగ పాటల సుత అదేనా?
మొదటి రోజు రబ్బరు చెప్పులేసుకొని కూసున్న.
పోశెట్టి మంచం మీద పొర్లి పొర్లి నవ్విండు.

చెక్కది ఎప్పుడు తీసినా గొడవే.
షఫీకుల్‌ది రాత్రి డ్యూటీ, పోశెట్టిది పొద్దటి డ్యూటీ,
ఆరు మంచాలల ఒక్కటన్నా నిద్రల ఉంటది.
మిద్దె మీద నీళ్ళ ట్యాంకుల పక్కన
చెమటల వాయించేటోన్ని.
ఇప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుంట.
బయటికి ఉత్త టిక్కుటిక్కు,
బల్లి అనుకుంటరు.
లోపల నాకు మాత్రం
ఊరేగింపు పోతుంటది.

చెయ్యి మాట వినలే.
చెక్కదాన్ల స్వరం పుట్టంగనే సచ్చేది,
సావకుండ బిళ్ళతోని గడగడ కొట్టుకుంట పోయేది,
వానల గొడుగు లేనోడు ఉరికినట్టు.
ఇక్కడ సుత అట్లనే ఉరికిన.
చెవులల రేకుల షెడ్డు మీద రాళ్ళు.
నాలుగోనాడు, పని మీదకెల్లి అలిసి వచ్చి,
మోహనల ఒక్క గాంధారం మీటి వదిలేసిన.
అది పోలే.
వేలు జరిపితే వెంట వచ్చింది
పంచమం దాకా, జర ఆగి, వెనక్కి.
ఒక్క మీటుకు ఇంత దూరం నడుస్తదా?
మరి ఇన్నేండ్లు నేను దేనికి ఉరికిన?

ఒక్క బాధ మిగిలింది, రొద.
చెయ్యి తీస్తే తేనెపట్టు లెక్క గుయ్యిమంటది,
తీగల మీద అరచెయ్యి పెడితే ఆగుతది.
దానికి నేనే భూమిని అనుకున్న.
రెండు రోజులు పొంగిపోయిన,
పోశెట్టికి చెప్పిన సుత.

శుక్రవారం స్క్రూలు విప్పిన.
తీగల కిందికెల్లి సన్నటి నల్ల వైరు,
డబ్బాకు, డబ్బాకెల్లి గోడకు,
గోడకెల్లి నేలకు.
అక్కడ రాగి కడ్డీ పాతింది నేనే, పోయినేడు,
ఉప్పూ బొగ్గూ పోసి, మోకాళ్ళ లోతు గుంతల.
లెక్క తిరగబడ్డది.
రొద దానిది కాదు, నాది.
గాలిల తిరిగే కరెంటంత ఒంటికి పట్టుకొని
యాంటెనా లెక్క కూసున్నది నేను.
ముట్టినప్పుడల్లా
అది నన్ను నేలకు కలుపుతున్నది.

మూత బిగిస్తే ఒక స్క్రూ మిగిలింది,
ఎక్కడిదో తెల్వదు.

పగిలినదాన్ని అమ్మలే.
ఏడు తీగలు విప్పి, ఒకటి ఉంచి
మేకుకు తగిలించిన.
ఏసీ మొదలైనప్పుడల్లా
ఆ ఒక్క తీగ తనంతట తానే జుమ్మంటది.
అది ఏ స్వరమో వెతికి
ఎర్రదాన్ని దానికి శ్రుతి చేసుకున్న.