చివరి ముక్క

బటూమీ ఆస్పత్రి, డయాలిసిస్ గది.
నాలుగు గంటలు.
ఒక చెయ్యి సూదులది, ఒకటి మాది.

ఒంటిచేతికి బరువని
త్సియాలా తన డిటెక్టివ్ నవలని
షోతి రొట్టె తుంచినట్టు నాలుగు చేసి పంచింది.

"ఏం చదువుతున్నావ్?" అంటే
"మూడో ముక్క" అంటాడు గురామ్.
హత్య జరిగిందనే తెలీదతనికి,
అంతా ఎందుకేడుస్తున్నారని నన్నడుగుతాడు.
నా దగ్గర మొదటిది. శవం ఇంకా వెచ్చగానే ఉంది.

గురువారం రాత్రి ఒతియాకి కిడ్నీ దొరికింది.
కోటు జేబులో చివరి ముక్కతో సహా
వెళ్ళిపోయాడు.

శనివారం, వానలో, ఫోను. గొంతింకా పచ్చిగానే ఉంది:
"హంతకుడెవరంటే..."
"చెప్పకు!" ముగ్గురం ఒక్కసారే అరిచాం.
యంత్రాలు కూతపెట్టాయి, నర్సు పరిగెత్తుకొచ్చింది.

ఒతియా మంచం మీది కొత్త కుర్రాడు
బిక్కుబిక్కుమంటూ చూశాడు.
అతని ఖాళీ చేతిలో
రెండో ముక్క పెట్టింది త్సియాలా.