మనోడేనా

మా కర్నూల్లో కొత్తోడెవరైనా కనబడితే
పక్కోని చెవిలో అడిగే మాట ఒకటుంది:
"మనోడేనా?"
అడిగేది కులం.

అదే మాట మేమూ అడుగుతాం,
రాజ్‌విహార్ సెంటర్లో
టీ గ్లాసు అంచు మీంచి, ఒట్టి చూపుతో.
అడిగేది వేరే.

శనివారం పొద్దున
ఐదుగురు మనోళ్ళం, బాడుగ జీపు, బెలుం గుహలు.
దస్తగిరి పెండ్లికి పోతాన్నట్టు అత్తరు పూసుకున్నాడు.
మద్దిలేటి వాళ్ళమ్మతో మంత్రాలయమని చెప్పొచ్చినాడు,
ప్రసాదం యాడ కొనాల్నో అప్పుడే ఆలోచిస్తాండాడు.
కుళ్లాయప్ప ముగ్గురికి సరిపోయే ఉగ్గాని
ఐదు పొట్లాలు కట్టించినాడు.
మనిషికి ఆరునూర్లు.
శివప్రతాపు మాత్రం "మళ్ళిస్తాలేబ్బా" అన్నాడు.
నేను డ్రైవరు పక్కన.

డ్రైవరు ఈరన్న అద్దంలో మమ్మల్ని చూసి చూసి
"ఏ సంఘం సార్ మీది?
అయివార్లా, కరెంటోళ్ళా?" అనె.
వెనక లేచిన నవ్వు
ఓర్వకల్లు రాళ్ళ దాకా ఆగలేదు.
"ఇంకా రిజిష్టరు కాలేదన్నా"
కళ్ళు తుడుచుకుంటా దస్తగిరి.

పాణ్యం దాటే దాకా బాగుండె.
ఆ తర్వాత రోడ్డుపక్క ఒక ఫ్లెక్సీ,
చేతులు జోడించిన ఎమ్మెల్యే,
చుట్టూ తపాలా బిళ్ళలంత కార్యకర్తలు.
"ఈయప్పే మళ్ళా గెలుస్తాడు" అన్నాడు కుళ్లాయప్ప.
"మావోళ్ళు ఓటేస్తే గదా" అన్నాడు శివప్రతాపు.

మావోళ్ళు.
జీపులో కూర్చున్న ఐదుగురం
ఆ మాటలో ఎంతమందిమి పడతామో
ఎవరికి వాళ్ళు లెక్కేసుకున్నాం.

మద్దిలేటి మెల్లగానే అడిగినాడు, "మీవోళ్ళంటే ఎవురు?"
ఇంగ కాలవ నీళ్ళు వచ్చె, రిజర్వేషను వచ్చె,
రెండెకరాల సర్కారు భూమి వచ్చె,
ఎవని తాత ఎవని వీధిలో
చెప్పులు చేతబట్టుకొని నడిచినాడో అదీ వచ్చె.
కుళ్లాయప్ప పొట్లం విప్పి "తినండబ్బా, సల్లారిపోతాది" అంటానే ఉన్నాడు.

"మీ వీధి, మా వీధి!
నంద్యాల లాడ్జిలో నా పక్కన పండుకున్నప్పుడు
యాడ పోయిందిరా ఈ వీధి?"

మద్దిలేటి గట్టిగా అనేసినాడు.
ఈరన్న ఉన్నాడని మరిచిపోయి.

ఈరన్న ఎదురుగా బండేదీ లేకపోయినా
పొడుగ్గా హారను కొట్టినాడు.

బనగానపల్లెలో మద్దిలేటి దిగిపోయి
బస్టాండు బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.
దస్తగిరి పోయి పక్కన కూర్చున్నాడు, ఏమీ మాట్లాడకుండా.
శివప్రతాపు పోయి
జేబులోంచి ఆరునూర్లు తీసి నాకియ్యమని అతని చేతిలో పెట్టినాడు,
క్షమాపణకు చిల్లర లేనట్టు.
మద్దిలేటి ఎంచినాడు. నూరు తక్కువుండె.
ఎందుకో తెలీదు, అప్పుడు నవ్వినాడు.
జీపెక్కినాడు గానీ కిటికీ తట్టే చూస్తా కూర్చున్నాడు.

గుహలో ఒక చోట ఊపిరాడదు.
"తల వంచండి సార్, అందరూ వంచాల" అన్నాడు గైడు.
లోపలెక్కడో పాతాళగంగ,
యాడ పుట్టిందో, ఏ ఊరి కింద పోతాందో
చూసినోడు లేడంట.
చీకట్లో ఎవరి చెయ్యో నా భుజం పట్టుకుంది.
ఎవరిదని నేను వెనక్కి తిరగలేదు.

రాత్రికి తాడిపత్రి లాడ్జి.
ఇద్దరు మగోళ్ళకు ఒక మంచమంటే
ఈ సీమలో ఎవడూ శుభలేఖ అడగడు.
ఆ ఒక్క సుఖముంది మాకు.
గదులు రెండు, అలకలు మూడు.
ఎవరు ఎక్కడ పండుకోవాల్నో తేలేసరికి పన్నెండాయె.
ఈరన్న జీపులోనే పండుకున్నాడు.
రమ్మంటే "వద్దులే సార్" అన్నాడు,
ఆ వద్దులో ఏముందో నాకు తెల్లార్లూ అర్థం కాలే.

పొద్దున నలుగురం ఎక్కినాం.
పోనీమన్నాడు శివప్రతాపు, వాచీ చూసుకుంటా.
ఈరన్న తాళం తిప్పలే.
"ఉండు సార్, ఇంకా మనోడొకడు రావాల గదా."

బోరింగు కాడ మద్దిలేటి
తీరిగ్గా మొగం కడుక్కుంటాండాడు.