చప్పుడు మారితే

రాత్రి రెండున్నర. ముహర్రక్.
షమాల్ గాలి కిటికీ అద్దాలకి ఇసుక రుద్దుతోంది.
లోపల ముగ్గురు.
ముగ్గురూ కలిపి నాలుగు కిలోలు లేరు,
గాలి ఎలా పీల్చాలో కనుక్కుంటున్నారు.

ఎవరికి ఏ గాలో నేను తేల్చలేదు, డాక్టరూ తేల్చలేదు.
పుట్టగానే అతికించిన కవరు చించారు,
అందులో ఏ మాట ఉంటే ఆ గొట్టం.
ఏది మేలో ఎవరికీ తెలియదు గనకే కవర్లు
అని చెబితే, ఒక తండ్రి నన్ను
లాటరీ టికెట్లమ్మేదాన్ని చూసినట్టు చూశాడు.

మొదటి మంచానికి సీసాలో నీళ్ళు, నీళ్ళలో గొట్టం.
ఎసరు మరిగినట్టు గుడగుడ.
చవక, మొండిది, నమ్మొచ్చు.
ముక్కు దూలమే ఎర్రగా కందిపోతుంది,
గంటగంటకీ టోపీ తాళ్ళు వదులు చేస్తాను.

రెండో మంచానికి పుల్లల్లాంటి రెండు గొట్టాలు,
తడి కలిసిన వెచ్చటి జోరు.
మొహం కనిపిస్తుంది. తల్లికి అదే కావాలి.
లోపల ఒత్తిడి ఎంతో మాత్రం చెప్పదు,
మొహమాటస్తుడి సాయంలాగా,
ఎంతదాకా ఉంటావని అడగలేం.

మూడోది ఊరుకోదు.
సైకిలు నేర్పే అన్నలా సీటు వెనక పట్టుకుని
ఉండుండి ఓ తోపు.
పిల్ల తొక్కేటప్పుడే తోస్తే బాగుండు,
దాని లెక్క దానిది.
పొట్ట ఉబ్బుతుంది. ఆ గాలి మళ్ళీ నేనే తియ్యాలి.

సాయంత్రం మొదటి మంచం నాయనమ్మ వచ్చింది, సబీకా.
సీసాని చూసింది, మనవడి ముక్కుని చూసింది.
వాళ్ళ తాత ముత్యాలకి మునిగేవాడట.
ముక్కుకి ఎముక క్లిప్పు బిగించి, ఊపిరి మూసి.
నాకొచ్చిన అరబ్బీకి సగమే అందింది,
తక్కింది ఆమె చేతులు చెప్పాయి.
పడవ మీద ఒకడు తాడు పట్టుకుని కూర్చుంటాడు.
కింద చిన్న గుంజు. అంతే, లాగాలి.
కునుకు తియ్యకూడదు.
వాటాలో మాత్రం వాడికి తక్కువ.
ఇద్దరం నవ్వుకున్నాం.

చీరాలలో మా అమ్మ
వంటింట్లో పిండి రుబ్బుతూనే
మగ్గం మీద పోగు తెగిందని నాన్నకి కేకేసేది.
చప్పుడు విని కాదు, చప్పుడు మారడం విని.
ఆవిడ నగలేవీ నాకు రాలేదు, ఆ చెవి వచ్చింది.

నాలుగింటికి గుడగుడ ఆగింది.
అలారం ఇంకా నోరు విప్పలేదు.
వాడి నోరు తెరుచుకుంది, గాలంతా అక్కణ్ణించే పోతోంది.
గడ్డం కింద వేలు పెట్టి మూశాను,
అరికాలు నిమిరాను.
తెర మీద అంకె డెబ్భై తొమ్మిది దగ్గర
గుమ్మంలో చుట్టంలా తటపటాయించింది.
రా నాయనా.
ఎనభై నాలుగు.
సీసా మళ్ళీ మాట్లాడింది.

పట్టికలో రాశాను: ఊపిరి ఆగుట, ఒకసారి.
ఎంత నిమిరానో రాసే గడి లేదు.
మూడోది దాని తోపులు అది తోస్తోంది.
రెండోది వినపడదు,
దాన్ని వెళ్ళి చూడాలి.
లేచాను.